కోణం చెప్పనిది: స్కోలియోసిస్ పిల్లల జీవన నాణ్యతను గోదావరి డెల్టాలో కొలవాలంటే

ఎక్స్‌రేలో వెన్నెముక పక్కకు 10 డిగ్రీలు, అంతకు మించి వంగి కనిపిస్తే దాన్ని స్కోలియోసిస్ అంటారు. అమెరికన్ ఎముకల వైద్యుడు జాన్ కాబ్ 1948లో వివరించిన పద్ధతిలోనే ఈనాటికీ ఆ కోణాన్ని లెక్కిస్తున్నారు. ఇద్దరు వైద్యులు ఒకే ఫిల్మ్ మీద గీతలు గీసినా ఐదు డిగ్రీల దాకా తేడా రావడం మామూలే. అయినా నిర్ణయాలన్నీ దాదాపు దాని మీదే నడుస్తాయి. ఎదిగే వయసులో 25 దాటితే బ్రేసు, 45–50 దాటితే ఆపరేషను మాట వస్తుంది. పదేళ్లు దాటాక బయటపడే, కారణం తెలియని రకమే ఎక్కువ. కౌమారంలో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుందని వివిధ దేశాల అంచనా. చిన్న వంపులు ఆడ, మగ పిల్లల్లో దాదాపు సమానంగానే కనిపిస్తాయి. ముదిరేవి మాత్రం ఎక్కువగా ఆడపిల్లల్లోనే.

కోణం పెరిగినంతగా పిల్ల కష్టం పెరుగుతుందా? కోణానికీ, పిల్లలు తమ గురించి తాము చెప్పుకునేదానికీ సంబంధం ఉన్నా అది బలహీనమేనని చాలా అధ్యయనాల్లో తేలింది. అయోవాలో చికిత్స తీసుకోని 117 మందిని 50 ఏళ్ల తర్వాత పరిశీలించి 2003లో ఫలితాలు ప్రచురించారు. వంపు లేని 62 మందితో పోల్చి చూస్తే వాళ్లకు నడుంనొప్పి ఎక్కువ, తమ ఆకారం మీద అసంతృప్తి ఎక్కువ. రోజువారీ పనుల్లో మాత్రం పెద్ద తేడా లేదు. ఇది పుట్టుకతో వచ్చిన వంపులకు, కండరాల జబ్బుల వల్ల వచ్చిన వాటికి వర్తించదు. అయోవా రైతు కుటుంబం నుంచి కోనసీమ రైతు కుటుంబానికి నేరుగా అన్వయించడం కూడా తొందరపాటే.

పిల్లల మాటను అంకెల్లోకి తెచ్చే పరికరాల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది ఎస్ఆర్ఎస్-22. స్కోలియోసిస్ రీసెర్చ్ సొసైటీ పేరు మీద వచ్చిన 22 ప్రశ్నల పత్రం. పనితీరు, నొప్పి, తన రూపం మీద తన అభిప్రాయం, మానసిక స్థితి – వీటికి ఐదేసి ప్రశ్నలు, చికిత్స మీద తృప్తికి రెండు. ప్రతి జవాబుకూ 1 నుంచి 5 మార్కులు. 5 అంటే బాగున్నట్టు. వంపు తక్కువగా ఉన్న పిల్లలు నొప్పి, పనితీరు విభాగాల్లో చాలావరకు 5 దగ్గరే ఆగిపోతారు కాబట్టి ఆపైన జరిగే మార్పు ఈ పత్రానికి అందదు.

పత్రాన్ని తుర్కీ, స్పానిష్ భాషల్లోకి తెచ్చినప్పుడు పనితీరు విభాగంలోని ప్రశ్నలు ఒకదానితో ఒకటి పొసగలేదు. స్నేహితులతో పోలిస్తే నువ్వు బయటికి ఎక్కువ వెళ్తావా, తక్కువ వెళ్తావా అని 18వ ప్రశ్న అడిగేది. 2006లో దాన్నీ, కుటుంబ ఆర్థిక ఇబ్బంది గురించిన 15వ ప్రశ్ననూ సవరించారు. ఇప్పుడు 18వ ప్రశ్న వెన్ను వల్ల బయటికి వెళ్లడం తగ్గిందా అని అడుగుతుంది. ఈ సవరణ డెల్టాకు చాలా అవసరమైంది. అంబాజీపేట పక్క ఊళ్లో తొమ్మిదో తరగతి ఆడపిల్ల బడి తర్వాత గడప దాటకపోతే దానికి వెన్నే కారణం కానక్కర్లేదు. పాత ప్రశ్న ఆ కట్టుబాటును కూడా జబ్బు ఖాతాలో రాసేది.

డబ్బు ప్రశ్న సవరించాక కూడా ఇక్కడ నాకు అనుమానంగానే ఉంది. కౌలు సేద్యం మీద, రొయ్యల చెరువు మీద బతికే ఇంట్లో అప్పు ఎప్పుడూ ఉంటుంది. అందులో వెన్ను వల్ల ఎంతో పదమూడేళ్ల పిల్ల విడదీసి చెప్పగలదా? అలాగే వెన్ను ఇప్పుడున్నట్టే జీవితాంతం ఉంటే నీకు ఎలా అనిపిస్తుందని ఒక ప్రశ్న ఉంది. ఆడపిల్ల ఆ జవాబు ఆలోచించేటప్పుడు పెళ్లిచూపులు గుర్తు రాకుండా ఉంటాయా! తల్లి పక్కనుంటే ఒక జవాబు, లేకపోతే ఇంకోటి రావచ్చు. కాబట్టి పత్రం ఎవరి సమక్షంలో నింపారో కూడా రాసిపెట్టుకోవాలి.

పదేళ్ల లోపే వంపు మొదలైన పిల్లలకు వేరే పత్రం ఉంది, ఈఓఎస్‌క్యూ-24. పిల్లల ఊపిరి, అలసట, రోజువారీ పనులతో పాటు తల్లిదండ్రుల మీద పడే భారాన్నీ, ఖర్చునూ అడుగుతుంది. నింపేది తల్లిదండ్రులే. పెద్దవాళ్ల మాట, పిల్లల మాట కళ్లకు కనబడే విషయాల్లో బాగానే కలుస్తాయి. మనసు సంగతుల్లో అంతగా కలవవు. కోనసీమ నుంచి, నరసాపురం, పాలకొల్లు వైపు నుంచి చాలామంది తల్లులు ఇంటిపనికి కువైట్ వెళ్తారు. పిల్లలు అమ్మమ్మ దగ్గరో నాయనమ్మ దగ్గరో పెరుగుతారు. అమ్మమ్మ నింపిన పత్రాన్ని తల్లి నింపినదాని పక్కన పెట్టి సగటు తీస్తే వచ్చే అంకెకు అర్థం తక్కువ.

ఇక బ్రేసు, మన ఇళ్లలో అనే మాటలో బెల్టు. అమెరికా, కెనడాల్లో 25 కేంద్రాల్లో జరిగిన బ్రెయిస్ట్ అధ్యయనం 2013లో వెలువడింది. బ్రేసు వేసుకున్నవాళ్లలో 72 శాతానికి, వేసుకోకుండా పరిశీలనలో ఉన్నవాళ్లలో 48 శాతానికి ఎదుగుదల ఆగేదాకా వంపు 50 డిగ్రీలకు చేరలేదు. రోజుకు సగటున 12.9 గంటలు, ఆపైన వేసుకున్నవాళ్లలో ఇది 90 శాతానికి పైనే. జీవన నాణ్యత మార్కులు మాత్రం రెండు గుంపుల్లోనూ ఇంచుమించు ఒకటే, వందకు 82 దగ్గర. దీన్నిబట్టి బెల్టు పిల్లలను బాధపెట్టదని అనేయడానికి లేదు. అక్కడ వాడిన పెడ్స్‌క్యూఎల్ అన్ని రకాల పిల్లలకూ వాడే సాధారణ పత్రం. బెల్టు బాధలను విడిగా అడగాలనే గ్రీసులో 2006లో 34 ప్రశ్నల బ్రేస్ క్వశ్చనైర్ తయారుచేశారు.

ఆ 12.9 గంటలు ఎలా తెలిశాయి? బ్రేసులో పెట్టిన చిన్న యంత్రం ప్రతి 15 నిమిషాలకూ ఉష్ణోగ్రత నమోదు చేసేది. 28 డిగ్రీల సెల్సియస్, ఆపైన ఉంటే పిల్ల వేసుకున్నట్టు లెక్క. మంచు పడే ఊళ్లలో ఇది చక్కగా సరిపోతుంది. మే నెలలో రాజమహేంద్రవరంలో మేకుకు తగిలించిన బ్రేసు కూడా రోజంతా వేసుకున్నట్టే నమోదవుతుంది. అదే హద్దు ఇక్కడ వాడితే గంటలు అబద్ధం చెబుతాయి. ఆ గంటలతో జీవన నాణ్యతను జోడించి చేసే ప్రతి లెక్కా తప్పుతుంది. గది వేడిని విడిగా నమోదు చేసి పోల్చడమో, ఒత్తిడిని పసిగట్టే యంత్రం వాడడమో చేయాలి. ఉక్కపోత కూడా జవాబులను మారుస్తుంది. జనవరిలో నింపిన పత్రాన్ని మేలో నింపినదానితో పోల్చి, పిల్ల పరిస్థితి దిగజారిందని రాయడం అన్యాయం.

ఇంతకీ ఏ పిల్లలను అడుగుతాం? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడులకు వెళ్లి 18 ఏళ్ల లోపు వాళ్లను చూస్తాయి. వాళ్ల జాబితాలో వంకర పాదం, తుంటి కీలు లోపం ఉన్నాయి. స్కోలియోసిస్ విడిగా లేదు. బడుల్లో దీన్ని వెతకడం మంచిదా కాదా అన్నది ప్రపంచంలోనే తేలలేదు. అమెరికా నివారణ సేవల కార్యదళం 2004లో వద్దంది, 2018లో తేల్చడానికి ఆధారాలు చాలవంది. కాబట్టి భుజం ఒకటి పైకి లేచిందనో, యూనిఫాం ఒక పక్కకు జారుతోందనో ఇంట్లో గమనించాకే ఆస్పత్రికి వస్తారు. కాకినాడ రంగరాయ కళాశాల ఆస్పత్రిలోనో, రాజానగరం జీఎస్ఎల్‌లోనో ఓపీకి వచ్చినవాళ్లనే లెక్కిస్తే పెద్ద వంపులు, ఎక్కువ దిగులు ఉన్నవాళ్లే పోగవుతారు. చీకూ చింతా లేకుండా బడికి పోయే చిన్న వంపుల పిల్లలు లెక్కలోకే రారు.

వెన్ను నిటారుగా ఉన్న కౌమారులు కూడా ఈ పత్రాల్లో అన్నిటికీ 5 వేసుకోరు. ఆ వయసులో అద్దం ముందు తృప్తిగా నిలబడేవాళ్లు ఎందరు? అందుకే డెల్టాలో ఈ పని మొదలుపెట్టేవాళ్లు ముందు అదే తరగతిలో వంపు లేని పిల్లలతో, అదే నెలలో, అదే పత్రం నింపించాలి. అంతకంటే ముందు తెలుగు పత్రం సిద్ధం కావాలి. ఇద్దరు విడివిడిగా తెలుగు చేయడం, మూలం చూడనివాళ్లు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి తేవడం, నిపుణులు కూర్చుని సరిదిద్దడం, ముప్పై నలభై మందితో సరిచూడడం ఇందులోని మెట్లు. చివరి మెట్టుకు రాజమహేంద్రవరం కాన్వెంటు పిల్లలను మాత్రమే తీసుకుంటే చాలదు. లంక గ్రామాల జిల్లా పరిషత్ హైస్కూలు పిల్లలనూ కూర్చోబెట్టి, ఒక్కో ప్రశ్న వాళ్లకు ఎలా అర్థమైందో వాళ్ల మాటల్లోనే చెప్పించుకోవాలి.