మూడు ఇండ్లు, ఒక బడి



తిండివనములో ఒక రాత్రి జరిగిన సంగతి మన సండేస్కూలు పిల్లలకును తెలిసినదే. ఐడా స్కడర్ అను అమెరికా యువతి, ఆర్కాటు మిషనులో వైద్యుడుగా నున్న తన తండ్రి యింట నుండగా, ముగ్గురు పురుషులు ఒకరి వెనుక ఒకరు వచ్చి, ప్రసవవేదన పడుచున్న తమ భార్యలకు సాయము చేయుమని ఆమెను వేడుకొనిరి. నేను వైద్యురాలను కాను, మా తండ్రిగారు వచ్చెదరు అని ఆమె చెప్పెను. పరపురుషుని లోపలికి రానియ్యలేమని వారు మరలిపోయిరి. తెల్లవారునప్పటికి ముగ్గురు స్త్రీలును చనిపోయిరి. మిషనరీ పని నాకు వద్దని పట్టుపట్టియున్న ఆమె, ఆ తరువాత వైద్యవిద్యకై అమెరికా వెళ్లెను.

ఈ కథను ప్రసంగములలో ఎన్నియో మారులు విన్నాము. అయితే ఇందులో ఒక లెక్క యున్నది. ఆ రాత్రి ఐడా వైద్యురాలై యుండినను ఎన్ని యిండ్లకు పోగలిగెడిది? ఇండ్లు మూడు, మనిషి ఒక్కతె. ఆమె జీవితమంతయు ఈ లెక్కకు జవాబు వెదకుటయే అని నా తలంపు.

ఆ దినములలో స్త్రీ వైద్యవిద్య నేర్చినను దారి సుళువుగా దొరకలేదు. మన గుంటూరునకు 1883లో వచ్చిన డాక్టరు అన్నా కుగ్లరమ్మ సంగతి చూడుడి. ఆమె 1879లోనే వైద్య పట్టా పొందినది. అయినను వైద్యపు పనికి ఇంకను సమయము రాలేదని తలంచి, ఆమెను పంపిన వారు ఉపాధ్యాయురాలుగానే పంపిరి. రోగులు మాత్రము ఊరకుండిరా? 1885లో గాని ఆమె వైద్య మిషనరీగా నియమింపబడలేదు. 1898లో గుంటూరు ఆసుపత్రి తెరువబడెను.

ఐడా 1899లో కార్నెల్ వైద్య కళాశాలలో పట్టా పొంది, 1900లో ఈ దేశమునకు తిరిగి వచ్చెను. 1902లో వేలూరులో ఆసుపత్రి కట్టబడెను. అక్కడితో ఆగియుండిన యెడల ఒక మంచి దొరసాని కథగా ముగిసెడిది. 1909లో నర్సుల శిక్షణ ప్రారంభమాయెను. ఆ తరువాత స్త్రీలకు వైద్య పాఠశాల పెట్టవలెనని ఆమె అడిగినప్పుడు, మద్రాసు సర్జన్ జనరల్ నవ్వినంత పని చేసెను. ఆడపిల్లలు ఎవరు వత్తురని ఆయన సందేహము. 1918లో పాఠశాల తెరువగా 151 దరఖాస్తులు వచ్చెను! అది ఎల్.ఎం.పి. చదువు, నాలుగేండ్లది, ఎం.బి.బి.ఎస్. కంటె చిన్న పట్టా. 1922లో మొదటి తరగతివారు 14 మంది పట్టా పుచ్చుకొనిరి. మూడిండ్లకు ముగ్గురిని పంపవలసిన పని అట్లు మొదలాయెను.

ఇరువది యేండ్లు గడచెను. 1938లో మద్రాసు ప్రభుత్వము, ఇకమీదట చిన్న పట్టా చాలదు, విశ్వవిద్యాలయపు ఎం.బి.బి.ఎస్. కావలెను అని ఏర్పాటు చేసెను. అందుకు తగిన మంచములు, ప్రయోగశాలలు, పెద్ద చదువులు చదివిన బోధకులు వేలూరులో లేరు. ప్రభుత్వము తప్పు చేసినదనలేము. రోగికి పూర్తి చదువు చదివిన వైద్యుడు కావలెననుట న్యాయమే గదా. కాని చేతిలో ధనము లేని బడికి అది మరణశాసనము వంటిది. ఐడాకు అప్పటికి 67 ఏండ్లు. యుద్ధకాలమున, 1941లో, ఆమె అమెరికాకు పోయి సంఘముల ఎదుట చెయ్యి చాచెను.

అక్కడ మరియొక చిక్కు వచ్చెను. పురుషులను కూడ చేర్చుకొన్న యెడల మిషనులన్నియు కలిసి భారము మోయుదురని కొందరనిరి. స్త్రీల కొరకని స్త్రీలు కూడబెట్టి యిచ్చిన కానుకలను అట్లు వాడరాదని మరికొందరనిరి. ఐడాకు చిరకాల స్నేహితురాలును, ధనము కూర్చుటలో కుడిభుజమును అయిన లూసీ పీబాడీ ఈ పక్షముననే నిలిచెను. స్నేహమా, బడియా? ఐడా బడిని ఎంచుకొనెను. 1942లో స్త్రీలకు ఎం.బి.బి.ఎస్. ఆరంభమాయెను, 1947లో పురుషులు చేరిరి. 1960లో కొడైకెనాలులో ఆమె ప్రభువునందు నిద్రించెను.

నర్సుల సంగతి కొంచెము విడిగా చెప్పవలెను. రక్తమును, మలమూత్రములను ముట్టు పని అని లోకము ఏవగించుకొన్న కాలములో, దక్షిణదేశమున ముందుకు వచ్చినవారు ఎక్కువగా క్రైస్తవ బాలికలే. వారికి సంబంధములు కుదురుట కష్టమని కన్నవారు ఏడ్చిన దినములు కలవు. నిర్గమకాండములో ఫరో పేరు వ్రాయబడలేదు గాని షిఫ్రా, పూయా అను మంత్రసానుల పేర్లు వ్రాయబడినవి. ఈ మాట ఆ తలిదండ్రులకు ఎవరైన చెప్పిరో లేదో! 1946లో వేలూరులో నర్సింగునకు బి.ఎస్సీ. పట్టా ఏర్పడెను. మరుసటి సంవత్సరము దేశమంతటికి నర్సింగు కౌన్సిలు చట్టము వచ్చెను.

నేటికిని మన సంఘములలో తలిదండ్రులు డాక్టరు సీటు ఒక్కటే చదువనుకొని, అది రానప్పుడు బిడ్డను ఇంట కూర్చుండబెట్టుచున్నారు. ఇంటర్మీడియేటు తరువాత బి.ఎస్సీ. నర్సింగు నాలుగేండ్లు, జి.ఎన్.ఎం. మూడేండ్లు; ఎ.ఎన్.ఎం. రెండేండ్లు. ఫీజు కట్టకముందే ఆ బడికి నర్సింగు కౌన్సిలు గుర్తింపు కలదో లేదో విచారింపవలెను. రంగుల బోర్డును చూచి మోసపోరాదు. జి.ఎన్.ఎం. ముగించి రిజిస్టరు అయిన పిల్ల మరి రెండేండ్లు చదివి బి.ఎస్సీ. పట్టాయు, ఆపైన రెండేండ్లకు ఎం.ఎస్సీ.యు పొందవచ్చును. ఎం.ఎస్సీ. చేసినవారు నర్సింగు కళాశాలలలో బోధింపవచ్చును.