అల్విదా చెప్పే మోకా దొరకని మెహఫిల్

అల్విదా చెప్పాలంటే ఇద్దరుండాలి. పోయేవాడొకడు, దర్వాజా దగ్గర నిలబడి సాగనంపేవాడొకడు. 1857లో ఢిల్లీ షాయర్ల మెహఫిల్ చెదిరిపోయినప్పుడు సాగనంపడానికి ఎవరూ మిగల్లేదు. అందరూ పోయేవాళ్లే.

దోస్తులారా, ఆ మెహఫిల్ అనగానే మనకి ఎర్రకోట ముషాయిరాలే గుర్తొస్తాయి. వరస ఎవరిదైతే వాళ్ల ముందుకి జరిగే షమా, వాహ్ వాహ్‌లు, పాన్‌దాన్‌లు. దాని అస్లీ జాన్ మాత్రం కోట బయట ఉండేదని నాకనిపిస్తుంది. ముఫ్తీ సద్రుద్దీన్ ఆజుర్దా హవేలీలో కూర్చునే కొద్దిమంది దోస్తుల్లో ఉండేది. గాలిబ్ రాసే అర్థంకాని ఫార్సీ నడకని మౌలానా ఫజ్లె హఖ్ ఖైరాబాదీ మొహమాటం లేకుండా కాదన్నాడు. ఆ మాట విని గాలిబ్ తన ఉర్దూ దీవాన్‌లోంచి చాలా భాగం తీసేశాడని హాలీ రాశాడు. మనలో ఎంతమందిమి ఒక దోస్తు మాట విని రాసింది కొట్టేసుకుంటాం చెప్పండి? 1847లో జూదం కేసులో గాలిబ్ జైలుకి పోతే పెద్దమనుషులు చాలామంది మొహం చాటేశారు. నవాబ్ ముస్తఫా ఖాన్ షేఫ్తా ఒక్కడు దగ్గరుండి చూసుకున్నాడు. మెహఫిల్ అంటే ఇదీ.

మోమిన్ 1852లో, జౌఖ్ 1854లో పోయారు. వాళ్లు నసీబున్నవాళ్లు, జనాజాకి దోస్తులొచ్చారు. 1857 మే 11న మీరట్ సిపాయిలు ఢిల్లీలోకి వచ్చారు. సెప్టెంబర్ 14న ఫిరంగీల ఫౌజు గోడలు బద్దలుకొట్టింది. వారంలో షహర్ మొత్తం వాళ్ల చేతుల్లోకి పోయింది. ఆ తర్వాతి లెక్క ఇది. ఢిల్లీ కాలేజీలో ఫార్సీ చెప్పే ఇమామ్ బఖ్ష్ సహ్బాయీని కొడుకులతో సహా కాల్చి చంపారు. ఫజ్లె హఖ్‌ని అండమాన్ పంపారు, 1861లో అక్కడే ఇంతెఖాల్. షేఫ్తాకి ఖైదు. ఆజుర్దాకి జైలు, జాయ్‌దాద్ జప్తు, జీవితమంతా పోగుచేసుకున్న కితాబులు లూటీ. బాద్‌షా జఫర్‌ని రంగూన్‌కి తోలేశారు. అది అందరికీ తెలిసిన ఖిస్సానే.

అఖ్బార్ పని చేసేవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక్కరి దగ్గర ఆగుతాను. మౌల్వీ ముహమ్మద్ బాఖిర్. 'దెహ్లీ ఉర్దూ అఖ్బార్' ఎడిటర్. గదర్ రోజుల్లో షహర్ లోపల ఏం జరుగుతోందో రాసిన మనిషి. ఢిల్లీ పడగానే పట్టుకుని చంపేశారు. కలం పట్టినందుకు ప్రాణం పోగొట్టుకున్న మన సహాఫీల జాబితాలో మొదటి పేరు ఈయనదే అంటారు. ఆయన కొడుకు ముహమ్మద్ హుసేన్ ఆజాద్. సోల్జర్లు ఇంట్లో జొరబడి బయటికి పొమ్మంటే, నిండిన ఇంట్లోంచి తన ఉస్తాద్ జౌఖ్ గజళ్ల కట్ట ఒక్కటి చంకనబెట్టుకుని బయటపడ్డాడు. ఊళ్లు పట్టుకు తిరిగి చివరికి లాహోర్ చేరాడు. 1880లో 'ఆబె హయాత్' రాశాడు. అందులో ఢిల్లీ ఉస్తాదులంతా ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటారు. తర్వాత జౌఖ్ దీవాన్ కూడా అచ్చేశాడు. అందులో కొన్ని గజళ్లు ఉస్తాద్‌వి కావు, షాగిర్ద్ తనే రాసి కలిపాడని పండితులు తప్పుపట్టారు. తహ్‌ఖీఖ్ లెక్కన అది గుణాహే. కానీ పోయిన ఉస్తాద్‌ని పోనివ్వని షాగిర్ద్ మీద నాకు కోపం రాదు.

గాలిబ్ మాత్రం ఢిల్లీ వదల్లేదు. బల్లీమారాన్‌లో ఆ గల్లీకి పటియాలా మహారాజా సిపాయిల కాపలా ఉండటంతో బతికిపోయాడు. ఎవరితో బతకాలి? హిందువుల్ని 1858 మొదట్లో షహర్‌లోకి రానిచ్చారు. ముస్లింలు మాత్రం చాలాకాలం పర్మిట్ల కోసం పరేషాన్ అయ్యారు. ఆయన గజళ్లు జమచేసిన దోస్తుల కుతుబ్‌ఖానాలు రెండూ లూటీ అయ్యాయి. గాలిబ్ తన కలామ్ తన దగ్గర పెట్టుకునేవాడు కాదు. ఒకరోజు ఎవరో ఫకీరు ఆయన గజలే ఎక్కడో సంపాదించి పాడుతుంటే, ఆ కాగితం చూసి ఏడుపొచ్చిందని ఒక ఖత్‌లో రాసుకున్నాడు.

ఆ ఖత్‌లే కొత్త మెహఫిల్. 1854లో అర్ధణా డాక్ టికెట్ వచ్చింది. సికందరాబాద్ (మనది కాదు, బులంద్‌షహర్ దగ్గరిది) మున్షీ హర్‌గోపాల్ తఫ్తాకి, పానీపత్ చేరిన మీర్ మెహ్దీ మజ్రూహ్‌కి రాసేవాడు. సలాములు, బిరుదులు వదిలేసి నేరుగా మాటల్లోకి దిగేవాడు. ఉత్తరాన్ని కబుర్లుగా మార్చేశానని తనే మురిసిపోయాడు. ఉర్దూ మీడియం బడిలో ఈ ఖత్‌లు మాకు నిసాబ్‌లో ఉండేవి. నవ్వుకుంటూ చదివాం. తెలుగు డిగ్రీలో శ్రీనాథుడి చివరి రోజుల చాటువులు చదివాకే అవి మళ్లీ తీశాను. తనని ఆదరించిన దొరలు పోయారని శ్రీనాథుడి దుఃఖం. గాలిబ్ దుఃఖం వేరు. తన షేర్ విని ఇది బాగోలేదు అనగలిగినవాళ్లు పోయారు. చనిపోయినవాళ్లని ఖత్‌లో లెక్కపెడతాడు, అందులో ఫిరంగీ దోస్తుల్ని కూడా వదలడు. షేఫ్తా విడుదలయ్యాడని తెలిసి డాక్ బండి ఎక్కి మీరట్ పోయి చూసొచ్చాడు.

మిగిలినవాళ్లు ఢిల్లీ మీద రాసిన మర్సియాలన్నీ 1863లో 'ఫుగానె దెహ్లీ' పేరుతో కితాబుగా వచ్చాయి. కోటలో పెరిగిన దాగ్ రాంపూర్ పోయాడు, అక్కణ్ణుంచి 1888లో మన హైదరాబాద్ వచ్చాడు. మహబూబ్ అలీ పాషాకి ఉస్తాద్ అయ్యాడు. ఆయన ఖబర్ నాంపల్లిలో యూసుఫైన్ దర్గా దగ్గరే ఉంది. తర్వాత నిజాం సర్కార్ నౌకరీలో ఉన్న మీర్జా ఫర్హతుల్లా బేగ్ 1261 హిజ్రీ నాటి ముషాయిరాని ఊహించి రాశాడు. అదే 'దిల్లీ కీ ఆఖ్రీ షమా'గా మషూర్ అయింది. ఎంతో ముద్దుగా రాశాడు. ఆ పేరుతోనే నాకు పేచీ. నూనె అయిపోయి ఆరిన దీపంలా వినిపిస్తుంది. ఆర్పినవాళ్లకి పేర్లున్నాయి, ఆ రోజులకి తారీఖులున్నాయి.

ఖైర్. చివరి ఏళ్లలో గాలిబ్‌కి చెవులు వినపడేవి కావు, చేయి వణికేది. ఇస్లాహ్ కోసం గజళ్లు పంపొద్దని అఖ్బార్‌లో వేయించాడు. అయినా పంపేవాళ్లు పంపుతూనే ఉన్నారు. ఇంతెఖాల్‌కి ముందురోజు హాలీ వెళ్లేసరికి నవాబ్ అలావుద్దీన్ ఖాన్ ఖత్‌కి పడుకునే జవాబు రాయిస్తున్నాడట. తన హాల్ ఇక ఒకట్రెండు రోజుల్లో పొరుగువాళ్లని అడిగి తెలుసుకొమ్మని అందులో చెప్పాడు. 1869 ఫిబ్రవరి 15న పోయాడు. ఆయన ఖత్‌ల కితాబు 'ఉర్దూ ఎ ముఅల్లా' మార్చిలో ప్రెస్సు నుంచి బయటికొచ్చింది.