ఒడ్డెక్కే ఓడ

ఏ ఓడ కెప్టెనైనా అడుగున ఇసుక తగలకుండా చూసుకుంటాడు. యుద్ధ ట్యాంకులు మోసే ఓడకు మాత్రం ఇసుక మీదికి దూసుకెళ్లడమే పని. కామారెడ్డి, ఎల్లారెడ్డి వాళ్లకు నిజాంసాగర్‌లో తిరిగే పుట్టి తెలుసు. పుట్టి ఒడ్డుకొస్తే మనిషి దిగుతాడు. ఇక్కడ దిగాల్సింది నలభై టన్నుల ట్యాంకు. రేవు లేదు, క్రేను లేదు.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, ఫ్రాన్స్‌లోని డంకర్క్ నుంచి బ్రిటిష్ సైన్యం బరువైన సామగ్రినంతా వదిలేసి వచ్చింది. మళ్లీ యూరప్ తీరం చేరాలంటే ట్యాంకులతోనే వెళ్లాలి. సముద్రం దాటే ఓడ లోతుగా మునగాలి, ఒడ్డెక్కేది పైకి తేలాలి. ఈ చిక్కును 1941 నవంబరులో అమెరికన్ రూపకర్త జాన్ నీడర్‌మేయర్ విప్పాడు. ఓడ అడుగున పెద్ద తొట్లు పెట్టి, నడిసముద్రంలో వాటిని నీళ్లతో నింపాలి, తీరం దగ్గర తోడేయాలి. ముందరి తలుపులు తెరుచుకుని ర్యాంపు పడుతుంది. ఒడ్డు చేరకముందే వెనకవైపు లంగరు వేస్తారు, పనయ్యాక దాని తీగను గుంజుకుంటూ ఓడ నీళ్లలోకి మళ్లుతుంది. వెళ్లేటప్పుడే తిరుగుదారి చూసుకున్న ఆ ఆలోచనే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. అమెరికా ఇలాంటివి వెయ్యికి పైగా కట్టింది.

బ్రిటన్ తన రకానికి ఆవిరి యంత్రాలు పెట్టుకుంది. ఆ రకంలో 3011 నంబరు ఓడ 1945లో బెల్‌ఫాస్ట్‌లో నీళ్లలోకి దిగింది. యుద్ధం ఆ ఏడే ముగిసింది. 1947లో దానికి 'అవెంజర్' అని పేరు పెట్టారు. హైదరాబాద్ సంస్థానం యూనియన్‌లో కలిసిన మరుసటి ఏడాది, 1949లో, భారత్ దాన్ని కొంది. అదే ఐఎన్ఎస్ మగర్. మన మంజీరలో ఉండే మొసలి పేరే పెట్టారు.

1966లో సోవియట్ యూనియన్ నుంచి ఇలాంటి ఒడ్డెక్కే ఓడలే ఘరియాల్, గుల్దార్ వచ్చాయి. 1971 డిసెంబరు యుద్ధంలో పాక్ సైనికులు బర్మాలోకి జారుకోకుండా అడ్డుకోవడానికి ఇవి గూర్ఖా సైనికులతో తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్ తీరానికి వెళ్లాయి. ఒడ్డుకు దూరంగానే ఇసుక దిబ్బ అడ్డొచ్చింది, దాని అవతల నీళ్లు లోతు. బరువైన మూటలతో దిగినవాళ్లలో కొందరు మునిగిపోయారు. తీరం మీద శత్రువే లేడు. తీరం వాలు సరిగా తెలియకుండా మనుషుల్ని దించడం క్షమించరానిదని నా నమ్మకం.

అదే పేరుతో రెండో మగర్‌ను కోల్‌కతాలో మనమే కట్టుకున్నాం. 1987లో నౌకాదళంలో చేరి, శ్రీలంకకు మన సైన్యం వెళ్లినప్పుడు పనిచేసింది. 2004 సునామీలో 1,300 మందికి పైగా బాధితుల్ని తరలించింది. 2020 మేలో కొవిడ్ వేళ మాల్దీవుల నుంచి 202 మందిని కొచ్చి చేర్చింది. 2023 మే 6న అదే కొచ్చిలో నౌకాదళ సేవ నుంచి విశ్రాంతి తీసుకుంది.