రాకాసి గుడి

టేకులపల్లి అడవులు దాటి గోదావరి వైపు వెళ్తే, పినపాక మండలం జానంపేటలో నిలబెట్టిన రాతి పలకలు, వాటి మీద ఒకే పెద్ద కప్పుబండ, చుట్టూ వలయంగా గుండ్లు కనిపిస్తాయి. ఇనుప యుగపు సమాధులివి. లోపల తొలిచిన రాతి తొట్టెలు. జనం వీటిని రాకాసి గుళ్ళంటారు. 'రాక్షసి' నోట నలిగి రాకాసి అయింది. అంత బండను మామూలు మనుషులు ఎత్తారంటే ఎవరు నమ్ముతారు?

నన్ను ఆపేది మాత్రం 'గుడి'. దేవుడి ఇల్లే కాదు, గుండ్రని గీత కూడా గుడే: చంద్రుడి చుట్టూ వరదగుడి, 'కి' మీద గుడి. ఈ గుండ్ల వలయానికి ఆ మాట ఎంత చక్కగా అమరిందో! ఇలాంటి సమాధులే ఉన్న దొంగతోగు అడవిలోనైతే మనిషి ఆకారంలో మలిచిన నిలువురాళ్ళే ఉన్నాయి.