పని పంచుకొను విద్య

పలనాటి సీమలో మాచర్లకు చేరువనున్న దుర్గి గ్రామము రాతి శిల్పములకు పేరొందినది. అచ్చటి శిల్పులు సున్నపురాతిని ఉలితో మలచి దేవతామూర్తులను, నందులను చేయుదురు. ఒక శిల్పశాలకు పది నందులు కావలెనని కబురు వచ్చినదనుకొనుడు. పదిమంది శిల్పులున్నచో తలకొక నందిని పంచుకొని, ఒక నందికి పట్టు కాలములోనే పదింటిని ముగింపవచ్చును. కాని ఒక్క నందియే కావలసివచ్చినచో పదిమందియు ఒకే రాతిపై ఒక్కసారిగా ఉలి మోపజాలరు. ముందు రాయి చదును కావలెను. పిమ్మట గీత గీయవలెను. మోటుపని ముగిసినగాని నగిషీకి దిగరాదు. పంచుకొనదగిన పని యేది, పంచుకొనరాని పని యేది అను ఈ వివేకమే గ్రిడ్డు కంప్యూటింగు అను విద్యకు పునాది. దూరదూరముల నున్న అనేక కంప్యూటర్లను కలిపి ఒకే పనికి వినియోగించుటకు ఆ పేరు.

ఈ వివేకమునకు లెక్క కట్టినవాడు జీన్ ఆమ్‌డాల్ అను అమెరికా దేశపు ఇంజనీరు. 1967లో అతడు ప్రకటించిన వాదము మిక్కిలి సులభమైనది. ఒక లెక్క చేయుటకు ఒక కంప్యూటరునకు 100 గంటలు పట్టుననుకొనుడు. అందు 90 గంటల పని పంచుకొనదగినది. తక్కిన 10 గంటల పని ఒకదాని వెనుక ఒకటిగా జరుగవలసినది. 9 కంప్యూటర్లున్నచో 90 గంటల పని 10 గంటలలో తీరును; మొత్తము 20 గంటలు. 90 కంప్యూటర్లున్నచో మొత్తము 11 గంటలు. 900 ఉన్నను 10 గంటల 6 నిమిషములు పట్టును. ఎన్ని వేల కంప్యూటర్లను చేర్చినను 10 గంటల లోపున ఆ పని ముగియదు. కావున యంత్రములను పెంచుటకంటె పంచరాని భాగమును తగ్గించుటయే ప్రోగ్రామరు మొదట నేర్వవలసిన పాఠము.

గ్రిడ్డు అను పేరు విద్యుచ్ఛక్తి సరఫరా నుండి వచ్చినది. నాగార్జునసాగరు కుడి కాలువపై 90 మెగావాట్ల విద్యుత్కేంద్రము కలదు. దుర్గిలో దీపము వెలిగించువారికి ఆ విద్యుత్తు సాగరు నుండి వచ్చినదో, మఱియే కేంద్రము నుండి వచ్చినదో తెలియదు, తెలియనక్కఱయు లేదు. గణనశక్తి కూడ ఇట్లే ఇంటింటికి అందు కాలము రావచ్చునని జాన్ మెకార్తీ అను శాస్త్రజ్ఞుడు 1961లోనే సూచించెను. 1995లో ఉత్తర అమెరికాలో 17 చోట్లనున్న కంప్యూటరు కేంద్రములను వేగవంతమైన తంతులతో కలిపి ఐ-వే అను ప్రయోగము చేసిరి. అందు పాల్గొన్న ఇయాన్ ఫాస్టర్, కార్ల్ కెసెల్‌మన్‌తో కలిసి సంపాదకత్వము వహించిన గ్రిడ్డు గ్రంథము 1998లో వెలువడినది. హైదరాబాదులో సైబర్ టవర్సు భవనము ప్రారంభమైనదియు ఆ సంవత్సరమే.

అయితే విద్యుత్తునకు, గణనకు ఒక ముఖ్య భేదము కలదు. ఒక యూనిట్ విద్యుత్తు మఱియొక యూనిట్ వంటిదే. గణనకు అట్లు కాదు. లెక్కకు కావలసిన దత్తాంశము యంత్రమున్న చోటికి ప్రయాణింపవలెను; ప్రోగ్రాము ఆ యంత్రమునకు సరిపడవలెను; ముక్కు మొగము తెలియనివాని ప్రోగ్రామును తన యంత్రముపై నడుపుటకు దాని యజమాని సమ్మతింపవలెను. కనుకనే ఫాస్టర్ బృందము రూపొందించిన గ్లోబస్ అను సాఫ్ట్‌వేరులో వాడుకరిని గుర్తించు ధ్రువపత్రములు, పనిని పంపు సాధనములు, దస్త్రములను చేరవేయు సాధనములు అమరియుండెను.

మఱియొక చిక్కు కూడ కలదు. పని అప్పగించిన యంత్రము జవాబు పంపకపోయినచో ఏమి చేయవలెను? కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము బర్క్‌లీలో 1999లో ఆరంభించిన సెటీ ఎట్ హోమ్ పథకము దీనికి చక్కని దారి చూపినది. అరెసిబో రేడియో దూరదర్శిని గ్రహించిన సంకేతములను చిన్న ముక్కలుగా చేసి, స్వచ్ఛందముగా ముందుకు వచ్చినవారి ఇండ్లలోని కంప్యూటర్లకు పంపిరి. ఒకే ముక్కను ఒకరికంటె ఎక్కువమందికి ఇచ్చి, జవాబులు సరిపోలినప్పుడే స్వీకరించిరి. తిరిగిరాని ముక్కను వేఱొకరికి పంపిరి. ముక్కలను పంచు ఆ పని 2020 మార్చిలో నిలిచినది.

భారతదేశమున సి-డాక్ సంస్థ ఈ శతాబ్దపు మొదటి దశకములో గరుడ అను జాతీయ గ్రిడ్డును నెలకొల్పినది. తొలి దశలో అది హైదరాబాదుతో సహా 17 నగరములలోని 45 సంస్థలను కలిపినది. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాల గ్రిడ్డులో సుమారు 40 దేశములలోని 170 కేంద్రములు చేరినవి. మన ముంబాయి, కలకత్తా కేంద్రములకు అందు చోటు దక్కినది. ఆ గ్రిడ్డు జల్లించిన దత్తాంశము ఆధారముగానే హిగ్స్ కణమును పోలిన కొత్త కణము దొరికినట్లు 2012 జూలై 4న ప్రకటించిరి.

ఆ నెలలోనే విద్యుద్గ్రిడ్డు వేఱొక పాఠము నేర్పినది. జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతమున మొదలైన వైఫల్యము ఒక గ్రిడ్డు నుండి మఱియొకదానికి ప్రాకి, కోట్లాది ప్రజలను చీకటిలో ముంచెను. అప్పటికి దక్షిణ గ్రిడ్డు తక్కిన వానితో ఏకలయలో కలియలేదు, అందుచే తప్పించుకొనెను. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు తంతి ద్వారా అదియు కలిసినది. కలయిక బలమునిచ్చును, ఒకచోటి లోపమును అంతటికి ప్రాకించుటకు దారియు తీయును. కంప్యూటర్ల గ్రిడ్డును నిర్మించువారును ఒక భాగము చెడిపోయిన తక్కినవి నిలుచునట్లు ముందుగనే ఏర్పాటు చేయవలెను.

కాలము సాగినది. 2006లో అమెజాన్ సంస్థ కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకిచ్చుట ఆరంభించినది. క్లౌడు అను మాట వ్యాప్తిలోకి వచ్చినది. గ్లోబస్ సాధనములకు వాని నిర్మాతల మద్దతు 2018లో ముగిసినది. ఆ సాధనముల ఆజ్ఞలను మాత్రమే కంఠస్థము చేసినవారి శ్రమలో చాల భాగము ఆ సాధనములతోనే ముగిసినది. పనిని విడగొట్టుట, దత్తాంశమున్న చోటికే పనిని పంపుట, తిరిగిరాని జవాబునకు సిద్ధపడుట నేర్చినవారికి మాత్రము క్లౌడు కొత్తగా తోచలేదు. ఉలి అరిగినచో శిల్పి మఱియొక ఉలి తెచ్చుకొనును. ఏ రాతిని ఎందరు పంచుకొనవచ్చునో ఎఱుగుట మాత్రము అతని చేతిలోనే నిలిచియుండును. కంప్యూటరు విద్య నేర్వదలచిన విద్యార్థి సాధనము పేరు అడుగుటకు ముందు ఈ ప్రశ్న అడుగుట అలవరచుకొనవలెను.