మైదుకూరు పటంలో నీలిగీత

రాయలసీమ చరిత్రను పటాల్లో చదవాలంటే సరిహద్దు గీతలకంటే ముందు నీటి గీతలను పట్టుకోవాలి. కడప జిల్లాలోని మైదుకూరు సీమే అందుకు సాక్ష్యం. కడప ప్రాంతం 1792లో టిప్పు చేతిలోంచి నిజాంకు పోయింది, తొమ్మిదేళ్లు తిరగకుండానే నిజాం దాన్ని ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. ఏలిక మారినప్పుడల్లా పటంలో రంగు మారింది గానీ పొలంలో పైరు మారలేదు. పైరును మార్చింది 1863-70 మధ్య తవ్విన కర్నూలు-కడప కాలువ. పడవలు నడపడానికీ, నీళ్లు అమ్ముకోవడానికీ ఒక ప్రైవేటు కంపెనీ తవ్వించి నష్టపోతే, 1882లో ప్రభుత్వం కొనేసింది. సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి, కుందూ లోయ వెంబడి దిగివచ్చే ఈ కేసీ కెనాల్ కింద దువ్వూరు, మైదుకూరు, చాపాడు పొలాల్లో వరి, పసుపు పండుతాయి. తూర్పున బ్రహ్మంగారిమఠం వైపు మెట్ట మాత్రం తెలుగుగంగ కాలువ వచ్చేదాకా వాననే నమ్ముకుంది.

పటాలు రాకముందు ఊరి ఎల్లలు మాటల్లోనే ఉండేవి. తూర్పున వాగు, దక్షిణాన గుట్ట, పడమర చెరువుకట్ట అంటూ శాసనాల్లో చెక్కేవారు. 1811లో సర్వేయరు లాంబ్టన్ గుత్తి దగ్గర ఆధారరేఖను కొలిచాక ఈ సీమ అక్షాంశ రేఖాంశాల లెక్కలోకి ఎక్కింది. అంతకుముందు నుంచే మరో సర్వేయరు కాలిన్ మెకంజీ కొలువులో కావలి సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా కరణాల దగ్గర కైఫీయతులు, అంటే ఊరి చరిత్ర వివరాలు సేకరిస్తున్నారు. కొలత ఊరు ఎక్కడుందో చెప్పింది. చెరువు ఎవరు తవ్వించారో, మాన్యం ఎవరిదో కైఫీయతు చెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే చరిత్ర తెలుస్తుంది.

పటం పాలకుడి చేతిపని, శిస్తు కోసం గీసింది, దాన్ని నమ్మేదెలా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అయితే శిస్తు కోసమే మాగాణినీ మెట్టనూ అంత పట్టుగా వేరుచేసి రాశారు కాబట్టి, నీళ్లు ఏ కాలంలో ఎక్కడిదాకా పారాయో ఈనాడు ఆ రికార్డుల్లోనే దొరుకుతుంది. ఏ అవసరానికి గీశారో తెలిస్తే పటం ఏం దాచిందో కూడా తెలుస్తుంది.

అలాగని సరిహద్దులు ఉత్త గీతలా? కావు. 1953లో బళ్లారి మైసూరుకు వెళ్లడంతో తుంగభద్ర ఆనకట్ట పొరుగు రాష్ట్రంలో పడింది, నీటి పంపకానికి ఉమ్మడి బోర్డు పెట్టాల్సివచ్చింది. కేసీ కెనాల్‌కు 39.9 టీఎంసీల కేటాయింపును కృష్ణా జలాల పంపకంపై వేసిన బచావత్ ట్రిబ్యునల్ గుర్తించింది. మైదుకూరు పక్కన ఎన్ని గీతలు మారినా కదలని పైరు, వందల కిలోమీటర్ల ఎగువన మారిన ఒక్క గీతకు లోబడింది. సరిహద్దు నీటిని ఎక్కడ కోస్తుందో అక్కడే దానికి బలం. 2022 ఏప్రిల్‌లో నంద్యాల వేరు జిల్లా అయ్యాక ఇదే కాలువ కర్నూలు, నంద్యాల దాటుకుని మూడో జిల్లాగా కడపకు చేరుతోంది. ఆయకట్టు చివరి భూముల్లో నారు పోసే రైతు ఇప్పుడు పై రెండు జిల్లాల తూముల వైపు కూడా చూడాలి.