చక్రవర్తి ప్రతినిధి ఏలుబడి: పరిటాల నైజాం గ్రామాల సాక్ష్యం

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్లే రహదారి మీద కంచికచెర్ల ఇంకా రాకముందే పరిటాల తగులుతుంది. ఈనాటి ప్రయాణికులు ఆ ఊరిని ఎత్తైన ఆంజనేయ విగ్రహంతో గుర్తుపడతారు. చరిత్ర విద్యార్థికి మాత్రం అది వేరే కారణంగా ముఖ్యం. చుట్టూ ఉన్న నందిగామ తాలూకా మద్రాసు గవర్నరు పాలనలో ఉండగా, పరిటాల, గనిఆత్కూరు, మొగులూరు, ఇంకా మరికొన్ని ఊళ్లు 1947 దాకా నైజాం ఏలుబడిలోనే ఉండిపోయాయి. రాజు పేరు మీద పాలించే అధికారి శక్తి ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తేల్చుకోవడానికి కృష్ణా మెరకసీమలో ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

నైజాం వంశానికి మూలపురుషుడే ఒక గవర్నరు. మొగలు చక్రవర్తి ఫరూఖ్ సియర్ 1713లో అతణ్ణి దక్కన్ సుబేదారుగా నియమించాడు. 1724లో షకర్‌ఖేడా యుద్ధం గెలిచాక ఢిల్లీ మాట దక్కన్‌లో పేరుకే మిగిలింది. అయినా ఆ పేరును ఎవరూ చెరపలేదు. పంతొమ్మిదో శతాబ్దం మధ్యదాకా హైదరాబాదు నాణేల మీద ముద్రపడింది మొగలు చక్రవర్తి పేరే. పన్ను, సైన్యం, తీర్పు అన్నీ నిజాంవి. నాణెం మీది అక్షరాలు మాత్రం ఢిల్లీవి. 1857 తిరుగుబాటు అణగారి, బహదూర్ షా సింహాసనం కోల్పోయాకనే ఆ నాణేల మీదికి నిజాముల బిరుదైన ఆసఫ్ జా పేరు వచ్చింది.

పరిటాల చిక్కు ఇక్కడే పుట్టింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కారులను ఈస్టిండియా కంపెనీకి ఇస్తూ ఫర్మానా జారీ చేశాడు. చట్టం ప్రకారం చూస్తే సుబేదారు నోరెత్తడానికి లేదు, ఇచ్చినవాడు అతని ప్రభువే. కానీ ఆ కాగితాన్ని నమ్ముకొని కూర్చునే ధైర్యం కంపెనీకి లేకపోయింది. 1766 నవంబరులో నిజాం అలీఖాన్‌తో సంధి చేసుకొని, ఏటా పేష్కష్ (కప్పం) చెల్లించడానికి ఒప్పుకుంది. వజ్రాల గనులూ వాటికి చెందిన గ్రామాలూ నిజాం చేతిలోనే ఉంటాయని ఆ సంధిలో రాసుకున్నారు. ఆ ఒక్క షరతు వల్లే, సర్కారుల్లోని కొండపల్లి సీమ కంపెనీ కిందికి పోయినా వజ్రాల గనుల ఊరైన పరిటాల పోలేదు. చక్రవర్తి ఫర్మానా కంటే ఆయన ప్రతినిధి ఒప్పుదలే బరువు తూగిందని చెప్పడానికి దీనికి మించిన సాక్ష్యం అక్కర్లేదు.

రెండో రకం ప్రతినిధి లండను నుంచి వచ్చినవాడు. 1935 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం మద్రాసు గవర్నరును బ్రిటిష్ రాజే నియమించేవాడు. మంత్రుల సలహాతో నడవాల్సిన సందర్భాలతోపాటు, వారిని పక్కనపెట్టగల ‘ప్రత్యేక బాధ్యతలు’ కూడా అతనికుండేవి. 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది మొదలు 1946లో ప్రకాశం ప్రధాని అయ్యేదాకా గవర్నరే సర్వాధికారి. అంతటి అధికారి ఆజ్ఞ కూడా పరిటాల పొలిమేరలో ఆగిపోయేది. ప్రతినిధికి ప్రభువును మించిన హద్దు ఉండదు.

1947లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చినా నిజాం భారత్‌లో చేరలేదు. పరిటాల జనం మాత్రం ఆగలేదు. ఆయన పాలన చెల్లదని, తాము స్వతంత్రులమని ప్రకటించుకున్నారు. వారి తెగువను స్థానిక చరిత్రలో ఒక వింత ఘట్టంగా చెప్పి వదిలేయడం న్యాయం కాదు. నూటఎనభై ఏళ్ల కిందటి సంధి షరతును, దానికి బందీలైన ప్రజలే రద్దు చేసిన సందర్భమది. 1948 సెప్టెంబరులో హైదరాబాదు మీద పోలీసు చర్య జరిగింది. తరవాత ఆ గ్రామాలు కృష్ణా జిల్లాలో కలిసిపోయాయి. అదే నిజాం 1950 నుంచి 1956 దాకా హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా, రాష్ట్రపతి గుర్తింపు మీద పదవిలో ఉన్నాడు. గవర్నరుగా మొదలై రాజయిన వంశం చివరికి గవర్నరు వంటి పదవితోనే ముగిసింది.

బ్రిటిష్ రాజు గవర్నరు పదవి మాత్రం రాజు లేకుండానే కొనసాగింది. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి గవర్నరుగా వచ్చిన చందూలాల్ త్రివేది, 1946లో ఆరో జార్జి హయాంలో ఒరిస్సాకు గవర్నరైనవాడే. 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం ఓడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చినప్పుడు కర్నూలులో పాలన సాగించిందీ ఆయనే. గవర్నరు పదవి మీద మనవాళ్ల చర్చ ఎప్పుడూ రాజ్యాంగ సభతోనే మొదలవుతుంది. దాన్ని ఇంకా వెనక్కి, ఈ గ్రామాల దాకా తీసుకెళ్లాలంటే పరిశోధకులు పరిటాల, గనిఆత్కూరుల పాత భూమి దస్తావేజులనూ, ఆ రోజులు తెలిసిన పెద్దల మాటలనూ కూడా సేకరించాలి. ఆ పని ఈ తరంలోనే జరగాలి.